నాలుగు రోడ్ల కూడలిలో వెన్నెల స్తంభం

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రుల దినచర్య ఎలా ఉంటుందో మీకు తెలిసిందే. పొద్దున్నే కాఫీ, కాస్త వాకింగు, మనవళ్లని స్కూలు బస్సెక్కించడం, మధ్యాహ్నం తెలుగు సీరియళ్లు. శనాదివారాలొస్తే పిల్లలు కారెక్కించి ఎక్కడో ఒకచోటికి తిప్పుతారు. మేమూ అలాగే టెక్సస్ రాష్ట్రంలోని ఆస్టిన్‌లో మూడు నెలలున్నాం. మావాడి ఇల్లు ఊరికి ఉత్తరాన, రౌండ్ రాక్ వైపు. ఆ చుట్టుపక్కల కూరగాయల కొట్టుకెళ్లినా, గుడికెళ్లినా తెలుగు వినపడుతూనే ఉంటుంది.

ఒక శనివారం సాయంత్రం డౌన్‌టౌన్ చూపిస్తానని తీసుకెళ్లాడు. తొమ్మిదో వీధి, గ్వాడలూప్ వీధి కలిసే కూడలి దగ్గర ఎర్ర లైటు పడి కారు ఆగింది. కిటికీలోంచి ఊరికే పైకి చూశాను. రోడ్డు మూల మీద సన్నటి ఇనుప టవర్ ఒకటి నిలబడి ఉంది. కింద ఒకే ఒక్క స్తంభం. దాని మీద మూడు పలకల ఇనుప చట్రం ఆకాశంలోకి పోయింది. నలువైపులా లాగి కట్టిన తీగలు. చిట్టచివర గుండ్రంగా అమర్చిన లైట్లు. అప్పుడప్పుడే వెలుగుతున్నాయి.

"అదేంట్రా?" అన్నాను.

"సెల్ టవరేమో నాన్నా."

"సెల్ టవరుకి అన్ని లైట్లెందుకు?"

"విమానాలకి కనపడాలి కదా... ఏమో, నేనెప్పుడూ పట్టించుకోలేదు."

వాడు ఆ ఊళ్లో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాడు. పచ్చ లైటు పడింది, కారు కదిలింది. నేను తల వెనక్కి తిప్పి ఇంకా దాన్నే చూస్తుంటే మా ఆవిడ, "ఎదురుగా అంత పెద్ద అసెంబ్లీ భవనం పెట్టుకుని స్తంభాల్ని చూస్తారేంటండీ?" అని విసుక్కుంది.

మర్నాటి నుంచి నాకు అదే పని. లైబ్రరీలో అడిగాను, పుస్తకాలు తిరగేశాను, మనవరాలి చేత కంప్యూటర్లో వెతికించాను. తీరా చూస్తే అది సెల్ టవరు కాదు, విమానాల కోసమూ కాదు. అది వీధి దీపం! నూట పాతికేళ్లు దాటిన వీధి దీపం. దాని పేరు మూన్‌లైట్ టవర్. మన మాటలో చెప్పాలంటే వెన్నెల స్తంభం. ఒకప్పుడు అమెరికాలో చాలా ఊళ్లలో ఇలాంటివి ఉండేవి. ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద ఈ ఒక్క ఊళ్లోనే అవి వీధుల్లో నిలబడి వెలుగుతున్నాయి.

ఒక్క దీపానికి నూట అరవై ఎకరాలు

ముందు లెక్కలు చెబుతాను. ఒక్కో స్తంభం ఎత్తు 165 అడుగులు. దాదాపు మన చార్మినార్ అంత ఎత్తున్న వీధి దీపాన్ని ఊహించుకోండి. ఒక్కో స్తంభం పైన ఆరు దీపాలు. స్తంభం నుంచి 1,500 అడుగుల దూరంలో నిలబడినా చేతి గడియారంలో టైము చూసుకోగలిగేంత వెలుతురు రావాలన్నది అప్పటి లెక్క. అంటే స్తంభం చుట్టూ సుమారు 160 ఎకరాలకి ఒక్కటే దీపం! ఇలాంటివి ఆస్టిన్ ఊరి నిండా 31 నిలబెట్టారు. ఊరు 1894లో ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్ ఎలక్ట్రిక్ కంపెనీతో ఒప్పందం చేసుకుంటే, 1895లో అవి వెలిగాయి.

ఇవాళ మనం చూసే పద్ధతి వేరు. వంద అడుగులకో స్తంభం, ప్రతి స్తంభానికీ ఓ లైటు. మరి అంత ఎత్తున పెట్టాలన్న ఆలోచన వాళ్లకెందుకొచ్చింది? అందులో ఒక చిన్న మర్మం ఉంది. అది తెలిశాక నాకు మా మేనమామ గుర్తొచ్చాడు.

మామయ్య కార్బన్ పుల్లలు

మా మామయ్య టూరింగ్ టాకీస్‌లో ఆపరేటరు. అప్పటి ప్రొజెక్టర్లలో బల్బు ఉండేది కాదు. రెండు కార్బన్ పుల్లలు ఉండేవి. రెండిటి కొసల్నీ ఒకసారి తాకించి, కరెంటు పారుతుండగా కాస్త ఎడం చేస్తే మధ్యలో తెల్లటి మంట లేస్తుంది. ఆ మంటే తెర మీద బొమ్మ. పుల్లలు కాలుతున్న కొద్దీ మధ్యలో ఎడం పెరుగుతుంది. ఆపరేటరు పక్కనే కూర్చుని మర తిప్పుతూ వాటిని దగ్గరికి జరుపుతుండాలి. ఒక్క నిమిషం ఏమారితే బొమ్మ పసుపు రంగుకి తిరిగి, మసకబారి, ఆరిపోతుంది. ఇక నేల టిక్కెట్ల నుంచి ఈలలు, తిట్లు!

ఆట అయ్యాక మిగిలిన పొట్టి ముక్కల్ని మామయ్య జేబులో వేసుకుని వచ్చేవాడు. మా పిల్లలందరికీ అవే బొమ్మలు. పైనున్న రాగి పూత గోటితో గీకేవాళ్లం. వాటితో గోడల మీద నల్లగా రాసి వీపు మీద వాతలు తినేవాళ్లం. "ఆ మంట వైపు సూటిగా చూడకురా, కళ్లు పోతాయి" అని మామయ్య ఎన్నిసార్లు చెప్పాడో.

ఆస్టిన్ స్తంభాల మీద మొదట వెలిగినవి సరిగ్గా అవే. ఆర్క్ దీపాలు. ఆ రోజుల్లో వీధుల్లో ఉన్నవి గ్యాస్ దీపాలు, చమురు దీపాలు. వాటి ముందు ఆర్క్ దీపం అంటే ప్రమిద పక్కన మిట్టమధ్యాహ్నం సూర్యుణ్ని పెట్టినట్టే. దాన్ని తగ్గించడం కుదరదు, చిన్నదిగా చేయడం కుదరదు. మనిషి కంటికి సూటిగా తగిలే ఎత్తులో పెడితే దారి కనపడకపోగా కళ్లు బైర్లు కమ్ముతాయి. గుర్రాలు బెదురుతాయి. అందుకని దాన్ని ఎంత పైకి పంపితే అంత మంచిదనుకున్నారు. పైకి వెళ్లేకొద్దీ మంట మెత్తబడుతుంది, వెలుగు దూరం పాకుతుంది. స్తంభాలు తక్కువ, తీగలు తక్కువ, ఖర్చూ తక్కువ. చందమామ చేస్తున్న పనీ అదే కదా!

అయితే చందమామకి పుల్లలు మార్చక్కర్లేదు. వీటికి మార్చాలి. కార్బన్ ఒక రాత్రి కాలితే దాదాపు అయిపోతుంది. కాబట్టి ప్రతిరోజూ ఒక మనిషి 165 అడుగుల ఎత్తుకి వెళ్లాలి. అందుకోసం ఇనుప చట్రం లోపలే ఒక మనిషి పట్టే బుల్లి లిఫ్టు పెట్టారు. మోటారేమీ లేదు. చేత్తోనే నడుపుకుంటూ పైకి పోవాలి. పాత పుల్లలు తీసి, కొత్తవి బిగించి, గాజు తుడిచి దిగి రావాలి. తర్వాత ఇంకో స్తంభం. ఎండైనా, చలైనా, గాలైనా. మా మామయ్యది కూర్చుని చేసే ఉద్యోగం, వాళ్లది ఆకాశంలో వేలాడే ఉద్యోగం. మిగతాదంతా ఒకటే వృత్తి.

ఊరూరా కృత్రిమ వెన్నెల

ఈ పిచ్చి ఆస్టిన్‌తో మొదలవలేదు. 1880 మార్చి 31 రాత్రి ఇండియానాలోని వాబాష్ అనే చిన్న ఊళ్లో, కోర్టు భవనం గుమ్మటం మీద నాలుగు ఆర్క్ దీపాలు వెలిగించారు. చార్లెస్ బ్రష్ అనే ఇంజినీరు తయారుచేసిన దీపాలవి. ఊరు ఊరంతా ఒక్కసారిగా తెల్లబడింది. ఆ వార్త పత్రికల్లో వచ్చాక మిగతా ఊళ్లు ఊరుకుంటాయా?

ఆ మరుసటి ఏడాదే కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో 237 అడుగుల టవర్ కట్టారు. దాని సంగతి ఇంకా విచిత్రం. నాలుగు రోడ్ల కూడలి ఉంటుంది కదా, ఆ నాలుగు మూలల్లో నాలుగు కాళ్లు పెట్టి, నడిరోడ్డు మీద గుడారంలా లేపారు. బళ్లు దాని కాళ్ల మధ్యనుంచే పోయేవి. పారిస్‌లో ఈఫిల్ టవర్ పుట్టడానికి ఎనిమిదేళ్ల ముందు మాట ఇది. అసలు ఈఫిల్ మా టవర్ చూసే కాపీ కొట్టాడని శాన్ హోసే వాళ్లు ఇప్పటికీ సరదాగా వాదిస్తుంటారు. 1915లో పెద్ద గాలివానకి అది కూలిపోయింది. ఇప్పుడు అక్కడి హిస్టరీ పార్కులో సగం ఎత్తున్న నమూనా ఒకటి ఉంది. అక్కడుంటున్న మన తెలుగువాళ్లు వెళ్లి చూడొచ్చు.

అందరికంటే పెద్ద ఎత్తున చేసింది డెట్రాయిట్. 122 టవర్లతో 21 చదరపు మైళ్ల మేర ఊరంతా వెలిగించింది. కానీ అక్కడే ఈ పద్ధతిలో లోపాలూ బయటపడ్డాయి. పొగమంచు పడితే వెలుగు పైనే ఆగిపోయేది. ఇళ్ల కప్పులు, చెట్ల తలలు ధగధగా మెరిసేవి గానీ, చెట్టు కింద నడిచేవాడికి చీకటే. గుబురు చెట్లున్న వీధుల్లో నీడలు ఇంకా నల్లగా, ఇంకా భయంగా కనిపించేవి. ఈలోపు తక్కువ ఎత్తులో పెట్టుకునే చిన్న బల్బులు మెరుగుపడ్డాయి. ఒక్కో ఊరూ టవర్లని విప్పి పాత ఇనుముకి అమ్మేసింది.

ఇంకో తమాషా సంగతి. ఆ కాలంలో అమెరికాలో చాలా ఊళ్లు వీధి దీపాల కంపెనీలతో రాసుకున్న ఒప్పందాల్లో చందమామకీ ఒక పాత్ర ఉండేది. వెన్నెల రాత్రుల్లో దీపాలు వెలిగించక్కర్లేదు, అందుకు డబ్బూ ఇవ్వక్కర్లేదు! మా చిన్నప్పుడు మా ఊళ్లోనూ అంతే. సాయంత్రం కాగానే పంచాయతీ మనిషి నిచ్చెన భుజానేసుకుని, కిరసనాయిలు డబ్బా పట్టుకుని వీధి వీధికీ వచ్చేవాడు. పున్నమికి అటూ ఇటూ నాలుగు రోజులు మాత్రం కనపడేవాడు కాదు. "ఇవాళ దేవుడే ఎలిగిస్తాడులే" అనేవాడు. కిరసనాయిలు మిగలాలి కదా మరి.

పద్నాలుగు వేల మంది, పద్నాలుగు లక్షల డాలర్లు

ఆస్టిన్ కథలో అసలు హీరో స్తంభం కాదు, నది. 1890లో ఆ ఊరి జనాభా 14,575. ఇవాళ మన మండల కేంద్రం కంటే చిన్నది. ఆ కాస్త ఊరు కొలరాడో నది మీద ఆనకట్ట కట్టి, నీళ్లతో కరెంటు తీసి, పెద్ద పారిశ్రామిక నగరం అయిపోవాలని కలగంది. అందుకు 14 లక్షల డాలర్ల అప్పు తేవడానికి జనం ఓట్లేసి మరీ ఒప్పుకున్నారు. తలసరి లెక్కేస్తే పసిపిల్లలతో సహా మనిషికి దాదాపు 96 డాలర్లు. అప్పటి కూలీలకి అది నెలల తరబడి సంపాదన.

1893లో ఆనకట్ట పూర్తయింది. మిల్లులు, ఫ్యాక్టరీలు అనుకున్నంతగా రాలేదు. కానీ కరెంటు మాత్రం వచ్చింది. ఆ కరెంటుతోనే 1895లో ఈ 31 చందమామలూ వెలిగాయి. అప్పు చేసి కన్న కలలో జనం కళ్లారా చూసిందీ, పేదవాడి గుమ్మం దాకా వచ్చిందీ ఆ వెలుగే. టిక్కెట్టు లేదు, మీటరు లేదు. ఒక దీపం కింద 160 ఎకరాల్లో మేడా, గుడిసే అన్నీ ఒకటే.

కొత్త వెలుగంటే భయాలూ ఉంటాయి. రాత్రీ పగలూ ఒకటైపోతే పెరట్లో మొక్కజొన్న, చిక్కుళ్లు ఆగకుండా పెరిగిపోతాయేమోనని కొందరు బెంగపడ్డారని ఆ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. కోళ్లకి నిద్ర ఉండదని ఇంకో దిగులట. నవ్వొస్తుంది గానీ, మొన్న మొన్న మన అపార్టుమెంట్ల మీద సెల్ టవర్లు పెట్టినప్పుడు మనం పడ్డ భయాలు తలుచుకుంటే అంతగా నవ్వలేం.

ఇంకో కథ కూడా చెబుతారు. 1884 చివర్నుంచి 1885 చివరిదాకా ఆస్టిన్‌లో వరసగా ఎనిమిది హత్యలు జరిగాయి. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ఇళ్లల్లో పనిచేసుకునే నల్లజాతి ఆడవాళ్లు. హంతకుడెవరో ఇప్పటికీ తేలలేదు. ఆ భయంతోనే ఊళ్లో ఈ దీపాలు పెట్టారని గైడ్లు చెబుతుంటారు. వినడానికి బాగుంటుంది. కానీ తేదీలు చూడండి. హత్యలకీ, దీపాలకీ మధ్య తొమ్మిది, పదేళ్ల తేడా ఉంది. పైగా పనివాళ్లు చచ్చిపోతున్నంత కాలం ఊరు అంతగా ఉలిక్కిపడలేదు. 1885 క్రిస్మస్ ముందురోజు రాత్రి ఇద్దరు తెల్లజాతి స్త్రీలు హతమయ్యాకే గగ్గోలు లేచింది. ఆ పనిమనుషుల కోసం ఎవరూ దీపం పెట్టలేదన్నదే నిజం. వాళ్ల పేరు చెప్పి ఇప్పుడు దీపానికి కథ అల్లుకున్నాం, అంతే.

నది తిరగబడ్డ రోజు

1900 ఏప్రిల్ 7. కుండపోత వానలకి కొలరాడో నది పొంగింది. కట్టి ఏడేళ్లే అయిన ఆనకట్ట ఆ వరదకి తట్టుకోలేక తెగింది. ప్రాణాలు పోయాయి. విద్యుత్ కేంద్రం కొట్టుకుపోయింది. ఆ రాత్రి ఊళ్లో చందమామలన్నీ ఒక్కసారే ఆరిపోయాయి.

నాకు ఇక్కడే ఆశ్చర్యమేస్తుంది. తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు. ఆనకట్ట లేదు. ఊరి మధ్యలో కరెంటు లేని 31 ఇనుప స్తంభాలు. వాటిని విప్పి అమ్మేసుకుంటే ఎవరూ కాదనరు. అయినా ఆస్టిన్ వాటి జోలికి పోలేదు. వేరే దారిన కరెంటు తెచ్చుకుని మళ్లీ వెలిగించుకుంది. అదే చోట ఆనకట్ట మళ్లీ సరిగ్గా నిలబడింది 1940లో. ఇప్పుడు దాని పేరు టామ్ మిల్లర్ డ్యామ్.

ఈలోగా స్తంభాల మీద దీపాలు మాత్రం కాలంతో పాటు మారుతూ వచ్చాయి. 1920లలో కార్బన్ పుల్లలు పోయి మామూలు బల్బులొచ్చాయి. రోజూ లిఫ్టులో పైకెళ్లే మనిషి ఉద్యోగం అక్కడితో సరి. 1936లో మెర్క్యురీ దీపాలొచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు, శత్రు విమానాలొస్తే ఊరంతటినీ ఒకేసారి చీకటి చేయడానికి అన్ని స్తంభాలకీ కలిపి ఒకే స్విచ్చి పెట్టారు. దేవుడి దయవల్ల ఆ అవసరం రాలేదు.

ప్రతి బోల్టూ విప్పి, తుడిచి, మళ్లీ బిగించి

అన్ని ఊళ్లూ తీసేసిన వాటిని ఈ ఊరు ఎందుకు ఉంచుకుంది? మొదట్లో పెద్ద ప్రేమేమీ ఉండకపోవచ్చు. పనిచేస్తున్నాయి, ఉండనిమ్మన్నారు. అంతే. మన ఇళ్లల్లో పాత రుబ్బురోలు పెరట్లో ఉండిపోయినట్టు. కానీ ఒక వస్తువు చాలాకాలం ఉండిపోతే, దాన్ని చూస్తూ పెరిగినవాళ్లు తయారవుతారు. అప్పుడది వస్తువు కాదు, గుర్తు అవుతుంది.

1976లో అమెరికా ప్రభుత్వం వీటిని జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేర్చింది. 1993లో నగరపాలక సంస్థ అప్పటికి మిగిలిన స్తంభాల్ని ఒక్కోటీ కిందికి దించింది. ప్రతి బోల్టూ, ప్రతి తీగా విప్పి, తుప్పు వదిలించి, బాగుచేసి మళ్లీ నిలబెట్టింది. ఖర్చు 13 లక్షల డాలర్లు. 1995లో పని పూర్తయి, స్తంభాలకి నూరేళ్లు నిండిన ఏడాది ఊరంతా పండగ చేసుకుంది. వీధి దీపాలకి శతజయంతి చేసిన ఊరు ఇంకెక్కడైనా ఉందేమో నాకైతే తెలియదు.

ఆ 1993లోనే ఇంకో సంగతి జరిగింది. రిచర్డ్ లింక్‌లేటర్ తీసిన 'డేజ్డ్ అండ్ కన్‌ఫ్యూజ్డ్' సినిమాలో కుర్రకారంతా ఒక మూన్ టవర్ దగ్గర పార్టీ చేసుకుంటారు. దాంతో ఆస్టిన్ బయటివాళ్లకీ ఈ టవర్ల పేరు తెలిసింది. అంతకంటే ముందు, 1967 నుంచీ, జిల్కర్ పార్కులో ఉన్న స్తంభానికి క్రిస్మస్ వేళ పై నుంచి కిందిదాకా రంగు దీపాల దండలు కట్టి పెద్ద చెట్టులా చేస్తున్నారు. పిల్లలు దాని కింద నిలబడి తల పైకెత్తి, కళ్లు తిరిగేదాకా గిరగిరా తిరగడం అక్కడి ఆనవాయితీ. మా మనవరాలు స్కూలు వాళ్లతో వెళ్లి తిరిగిందట. "తాతయ్యా, అది క్రిస్మస్ ట్రీ అనుకున్నా. లోపల నీ టవరుందా?" అని ఆశ్చర్యపోయింది.

అలాగని అంతా సవ్యంగా ఉందని కాదు. 31లో ఇప్పుడు మిగిలినవి సగానికి అటూ ఇటూగా. కొన్నింటిని మొదట పెట్టిన చోటు నుంచి మార్చారు. ఊరు మాత్రం విపరీతంగా పెరుగుతోంది. స్తంభాల పక్కనే వాటిని మించిన అద్దాల మేడలు లేస్తున్నాయి. లాగి కట్టిన తీగలకి చోటు కావాలి, రోడ్డు వెడల్పు చేసేవాళ్లకీ అదే చోటు కావాలి. ఇన్నేళ్ల పాత ఇనుముని కాపాడటం అంత తేలికా కాదు, చవకా కాదు.

గడియారం పరీక్ష

తిరుగు ప్రయాణానికి వారం ముందు మావాణ్ని అడిగాను. "ఒక్కసారి రాత్రిపూట హైడ్ పార్కుకి తీసుకెళ్లరా." అది ఆస్టిన్‌లో పాత పేట. 41వ వీధి, స్పీడ్‌వే కలిసే కూడలిలో ఒక స్తంభం ఉంది. అన్నింటికంటే ముందు నిలబెట్టింది అదేనని చెబుతారు.

వాడు కారు పక్కకి ఆపాడు. మనవరాలు నా చెయ్యి పట్టుకుంది. స్తంభం దగ్గర్నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాం. వంద అడుగులకోసారి ఆగి నా చేతి గడియారం చూడటం, ముళ్లు కనపడుతున్నాయో లేదో చెప్పడం. రెండొందలు, మూడొందలు... బాగానే కనపడింది. అంతలో పెద్ద చెట్టొకటి అడ్డొచ్చింది. దాని కింద ఏమీ కనపడలేదు. డెట్రాయిట్ వాళ్లు చెప్పిన లోపం అదేనన్నమాట! చెట్టు దాటాక మళ్లీ కనపడింది. కానీ అప్పటికి ఇళ్ల ముందు లైట్లు, మామూలు వీధి దీపాలు వచ్చేశాయి. నా గడియారం మీద పడ్డది ఏ వెలుగో ఎలా చెప్పను? పరీక్ష అక్కడితో ఆగిపోయింది.

వెనక్కి తిరిగి చూస్తే కొమ్మల పైన తెల్లటి వెలుగు ముద్ద ఒకటి, నిజంగానే ఎవరో తెచ్చి పెట్టిన చందమామలా ఉంది. మావాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "తొమ్మిదేళ్ల నుంచి దీని కిందినుంచే పోతున్నా నాన్నా. ఒక్కసారి కూడా తలెత్తి చూడలేదు" అన్నాడు.

వాణ్ని ఏమంటాను? నేనూ అలాంటివాణ్నే. మామయ్య పోయాక ఆయన పెట్టె తెరిస్తే అడుగున నాలుగైదు కార్బన్ ముక్కలు కనపడ్డాయి. పనికిరాని చెత్తని నేనే తీసి పారేశాను. ఆ టాకీస్ గుడారం లేదు, ఆ ప్రొజెక్టరు లేదు. మా ఊరి పంచాయతీ దీపం గూళ్లు ఏ పాతసామాన్లవాడి బండెక్కాయో తెలియదు. మా మనవరాలికి మామయ్య గురించి చెప్పాలంటే నా చేతిలో చూపించడానికి ఒక్కటీ లేదు. ఆఖరికి పదివేల మైళ్ల అవతల వేరే ఊరివాళ్లు దాచుకున్న స్తంభాన్ని చూపించి, "అదిగో, ఆ పైనున్న దీపంలో ఒకప్పుడు కాలిన పుల్లల్లాంటివే మీ ముత్తాత వరస ఒకాయన కాల్చేవాడమ్మా" అని చెప్పాల్సొచ్చింది. అది శ్రద్ధగా వింది. "కళ్లు పోలేదా తాతయ్యా?" అని అడిగింది. పోలేదని చెప్పాను.

మన దగ్గరా ఇలాంటి కథలు లేకపోలేదు. శివనసముద్రం జలవిద్యుత్తుతో 1905 ఆగస్టు 5న బెంగళూరు కె.ఆర్. మార్కెట్ దగ్గర కరెంటు వీధి దీపాలు వెలిగాయి. అక్కడా నదీ, ఇక్కడా నదే. మధ్యలో తేడా పదేళ్లే. మన తెలుగు ఊళ్లలోనూ పాత గడియార స్తంభాల పక్కన, రైల్వే స్టేషన్ల ముందు, కోట గుమ్మాల దగ్గర నగిషీ చెక్కిన ఇనుప దీపస్తంభాలు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. కొన్నింటికి ఇప్పుడు ఫ్లెక్సీలు కడుతున్నాం, కొన్నింటికి కేబుల్ తీగలు చుడుతున్నాం.

మీరు గనక ఆస్టిన్‌లో పిల్లల దగ్గరికి వెళ్తే, ఆ రెండు కూడళ్లూ గుర్తుపెట్టుకోండి. డౌన్‌టౌన్‌లో తొమ్మిదో వీధి, గ్వాడలూప్. హైడ్ పార్కులో 41, స్పీడ్‌వే. చీకటి పడ్డాక వెళ్లండి, చేతికి ముళ్ల గడియారం పెట్టుకుని వెళ్లండి. వెళ్లలేకపోతే మీ ఊళ్లోనే పాత దీపస్తంభం దగ్గర ఓసారి ఆగండి. దాన్ని ఎవరు వెలిగించేవారో తెలిసిన పెద్దాయన పక్క అరుగు మీదే కూర్చుని ఉండొచ్చు. ఆయన ఉన్నప్పుడే అడిగి రాసిపెట్టుకోండి.